ఒక ఓకే తక్కువైన మండలం

మా మండలంలో ఓకే అనని ఉపాధ్యాయులు ఒక్కరే మిగిలారు. పేరు పైడిరత్నం, లెక్కల టీచరు. నా భార్య. కిందటి వేసవిలో ఒంటిపూట బడులు నడుస్తున్నప్పుడు చనిపోయింది.

ఆ సంగతి మండల విద్యా కార్యాలయానికి తెలియదని కాదు. తెలుసు. దినం భోజనాలకు కార్యాలయం అంతా వచ్చింది. కాని తెలియడం వేరు, నమోదు కావడం వేరు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ తేడా నేర్చుకోకపోవడం నా తెలివితక్కువే.

నేను గుమ్మడిపాడు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. ఓకే అనే మాటంటే నాకు మొదటి నుంచీ పడదు. అది నాకు గడియ చప్పుడులా వినిపిస్తుంది. తలుపు తీశారో వేశారో చప్పుడును బట్టి చెప్పలేం.

"సరే అనొచ్చు కదా. రెండక్షరాలే" అనేవాణ్ణి ఇంట్లో.

"ఓకే కూడా రెండే కదండీ" అనేది పైడిరత్నం.

లెక్కల టీచరుతో అక్షరాల లెక్కకు దిగకూడదు. నేను దిగేవాణ్ణి. పాతికేళ్ళ కాపురంలో ఒక్కసారీ గెలవలేదు.

మా ఉపాధ్యాయులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. కార్యాలయం భాషలో దాని పేరు మండల విద్యా సమాచార వేదిక. అధికారులు ఏం రాసినా కింద అందరూ ఓకే సార్ అని రాయడం అక్కడ ఎప్పటి నుంచో ఉన్న మర్యాద. పైడిరత్నం పోయిన రోజు మా ప్రధానోపాధ్యాయురాలు హేమసుందరి గారు ఆ కబురు గ్రూపులో పెట్టారు. కింద వరసగా ఓకే మేడం, ఓకే మేడం అని వచ్చాయి. ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టారు. నేను ఎవరినీ తప్పు పట్టలేదు. చేతికి అలవాటైన మాట మనసు కంటే ముందు పరిగెడుతుంది.

జూన్‌లో బడులు తెరిచాక ఆ మర్యాద కాస్తా ఉత్తర్వు అయింది. మండల విద్యాధికారి త్రిపురాంతకం గారు ఇలా సెలవిచ్చారు: "యావన్మంది ఉపాధ్యాయులకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, వేదిక యందు వెలువడు ప్రతి సందేశమునకు పది నిమిషములలోగా ఓకే అని ప్రతిస్పందించవలెను. ప్రతిస్పందన లేనిచో సమాచారము అందనట్లును, సమాచారము అందనిచో సదరు ఉపాధ్యాయుడు విధులలో లేనట్లును భావించబడును."

మండలం ఓకే అంది.

అప్పుడు మా సైన్సు మాస్టారికి ఒక సందేహం వచ్చింది. ఓకే కూడా సందేశమే కదా, దానికీ ఓకే అనాలా? సందేహం అడిగినందుకు అందరూ ఓకే అన్నారు. ఆ ఓకేలకు, ఎందుకైనా మంచిదని, కొందరు ఓకే అన్నారు. వాటిని చూసి మిగిలినవారు భయపడి అన్నారు. ఆ పూట మండలంలో ఏ బడిలోనూ పాఠం జరగలేదు. సాయంత్రానికి కార్యాలయం నుంచి వివరణ వచ్చింది: "ఓకేకు ఓకే అవసరము లేదు." దానికి అందరూ ఓకే అన్నారు.

క్రమంగా పిల్లలకూ అలవాటైంది. నేను సవర్ణదీర్ఘ సంధి చెబుతుండగా బల్ల మీద ఫోను గుర్రుమంటే, ముందు వరసలోని కృష్ణవేణి లేచి, "సార్, ముందు ఓకే కొట్టేయండి. పాఠం ఎక్కడికీ పోదు" అనేది. తొమ్మిదో తరగతి పిల్ల. నాకంటే లోకజ్ఞానం ఎక్కువ. నేను మాత్రం సరే అని రాసేవాణ్ణి. నా ఒక్కడి మీద దయతో కార్యాలయం దాన్ని ఓకేగా లెక్కవేసేది.

ఆ తర్వాత జిల్లా వారు ఒక పట్టిక తెరిచారు. ఏ మండలంలో ఎందరు ఓకే అంటున్నారో అందులో రోజూ కనిపిస్తుంది. అందరూ అన్న మండలాన్ని సంపూర్ణ ఓకే మండలంగా ప్రకటిస్తారు. అధికారికి సన్మానం. బడులకు నిలిచిపోయిన పనులు ముందుగా మంజూరు.

మా బడిలో నిలిచిపోయిన పని బోరు మోటారు. అది కాలిపోయి రెండేళ్ళు దాటింది. ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్ళు లేవు. అందుకని పిల్లలు పొద్దుట నుంచి గుక్కెడు నీళ్ళు తాగరు. మధ్యాహ్నం భోజనం గంటకు ఇళ్ళకు పోతారు. కొందరు తిరిగి రారు. పైడిరత్నం లెక్కల క్లాసు ఆ తర్వాతే. భిన్నాలు చెబుదామని వెళితే ఆడపిల్లల బెంచీలు సగం ఖాళీగా ఉండేవి. "భిన్నాలు వేరే చెప్పాలేటండీ, ఎదురుగానే కూర్చున్నాయి" అనేది ఇంటికొచ్చి.

దాలినాయుడి నుంచి మొదటి ఫోను వచ్చింది అప్పుడే. అతను కార్యాలయంలో కంప్యూటరు చూసే కుర్రవాడు. మంచివాడు.

"సార్, నమస్తే సార్. మేడం గారు ఓకే కొట్టలేదండి."

"ఏ మేడం?"

"మన మేడం గారే సార్. పైడిరత్నం మేడం గారు."

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"నాయుడూ, ఆవిడ లేదు కదయ్యా."

"అయ్యో, తెల్దా సార్! దినం నాడు వడ్డన సేసింది నేనే కదా సార్. మనిషి లేరు. సిస్టంలో ఉన్నారు సార్."

"తీసెయ్యి మరి."

"తీసెయ్యాలంటే తొలగింపు నోటీసు ఇవ్వాలి సార్. ఇచ్చేసినాం జూన్‌లోనే. ఆ నోటీసుకి మేడం గారు ఓకే అంటే తీసెయ్యొచ్చు. ఆవిడ ఓకే అన్లేదు."

"ఎలా అంటుంది?"

"అదే సార్ నేనూ అడిగినాను. రూలు సచ్చిపోయినోళ్ళ కోసం రాసింది కాదట. బదిలీ అయినోళ్ళ కోసం రాసిందట."

సంపూర్ణ ఓకే మండలానికి మాకు తక్కువైంది ఆ ఒక్క ఓకే.

ఆమె ఫోను గురించి చెప్పాలి. పైడిరత్నం ఫోనును నేను రోజూ పొద్దున్నే ఛార్జింగు పెడతాను. ఎందుకంటే చెప్పలేను. తులసి మొక్కకు నీళ్ళు పోసిన చేత్తో అదీ చేస్తాను. అందులో ఆమె నాకు పంపిన చివరి మాట ఉంది. ఆసుపత్రిలో ఉండగా నేను బడి నుంచి రాశాను: "ఒంటిపూట అయ్యాక వస్తాను. మజ్జిగ తేనా? నొప్పి తగ్గిందా?" జవాబు వచ్చింది: "ఓకే." మజ్జిగకో, నొప్పికో, నేను రావడానికో తెలియలేదు. మజ్జిగ పట్టుకునే వెళ్ళాను. అప్పటికి అడగడానికి వీలు లేకపోయింది.

ఆమె ఫోనులో ఆమె బదులు నేను ఆ మాట రాయదలచుకోలేదు. దాలినాయుడితో అంతే చెప్పాను. అతను "ఓకే సార్" అని పెట్టేశాడు.

ఇంతలో మరో చిక్కు వచ్చింది. ఆదివారం నాడు వయోజన విద్య సర్వేకు రావలసిందని కార్యాలయం కోరితే మండలమంతా ఓకే అంది. ఆదివారం త్రిపురాంతకం గారు టిఫిను పొట్లాలతో సహా ఎదురుచూశారు. ఒక్కరూ రాలేదు. విచారిస్తే, అందరూ "చదివాం" అన్న అర్థంలో ఓకే అన్నారని తేలింది. పొట్లాలు ఏమయ్యాయో ఎవరూ విచారించలేదు.

మర్నాడే ఓకే అర్థ నిర్ణాయక సంఘం ఏర్పడింది. దానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు.

"తమరు ఆ మాట వాడరు. కనుక నిష్పాక్షికులు" అన్నారు త్రిపురాంతకం గారు.

నేను ఒప్పుకున్నాను. పండితుణ్ణి అధ్యక్షా అని పిలిస్తే ఒప్పుకోని పని ఉండదు.

సంఘం కార్యాలయంలో కూర్చుంది. ఎవరికి తెలిసిన ఓకేలు వారు చెప్పాలి, నేను అర్థం రాసి అంకె వెయ్యాలి.

"మా ఆయన ఓకే అంటే విన్లేదని అర్థం మాస్టారూ" అన్నారు హేమసుందరి గారు. "ఓకే ఓకే అని రెండుసార్లంటే, విన్నాడు, ఇంక ఆపమని."

"మా దర్జీ ఓకే అంటే పండగ వెళ్ళాక" అన్నారు సైన్సు మాస్టారు. "సినిమా ఎలా ఉందంటే ఓకే అన్నారనుకోండి, టికెట్టు దండగ. ఒంట్లో ఎలా ఉందంటే ఓకే అన్నారా, బాగోలేదని."

"ఫోన్లో ఓకే మరి అంటే పెట్టెయ్యమని. కాని మా అత్తగారు అలా అన్నాకే అసలు సంగతి మొదలెడతారు" అన్నారు మళ్ళీ హేమసుందరి గారు.

దాలినాయుడు మూల నుంచి అందుకున్నాడు. "పెళ్ళిసూపుల్లో నేను మా ఆవిణ్ణి ఓకేనా అనడిగినాను సార్. ఓకే అంది. మొన్న చెప్పింది, కాఫీ గురించి అనుకుందట."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"డాక్టరు కాగితం చూస్తూ ఓకే అని ఆగితే?" అని అడిగాను. అధ్యక్షుడిగా నా వంతు కూడా ఒకటి చేర్చాలి కదా అనుకున్నాను.

హేమసుందరి గారు కిటికీ వైపు చూశారు. దానికి అంకె వెయ్యలేదు.

మొత్తానికి అర్థాల పట్టిక తయారైంది. ఒకటో రకం ఓకే అంటే పని పూర్తిచేసి తెలియజేస్తాను. రెండో రకం, చేస్తాను గాని ఎప్పుడని అడగవద్దు. మూడో రకం, చదివాను. నాలుగో రకం, చదవలేదు. ఇలా పోగా పోగా, పదకొండో రకం దగ్గర, చాలలేదు గాని మళ్ళీ అడగను. ఇకపై అందరూ ఓకే పక్కన అంకె వెయ్యాలని తీర్మానించాం.

"మేము కూడానా?" అన్నారు త్రిపురాంతకం గారు, కనుబొమలెత్తి.

"నియమం అందరికీ ఒకటే కదండీ."

"అదేమి మాట! అధికారి ఓకే అన్నాడంటే పని అయిపోయినట్టే. దానికి అంకె వెయ్యడం పదవికి న్యూనత. ఇలా రాయండి: అంకె లేని ఓకే ఒకటో రకముగా భావించవలెను."

రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అంటారు. దాలినాయుడు ఆ నియమాన్ని కంప్యూటరులోకి ఎక్కించాడు. ఒకటో రకం ఓకే అన్నవారు వారంలోగా పని చెయ్యకపోతే జిల్లా పట్టికలో వారి పేరు ఎర్రబడుతుంది. యంత్రానికి పదవులు తెలియవు కనుక ఎవరి పేరైనా ఎర్రబడుతుంది.

శ్రావణమాసం చివర్లో త్రిపురాంతకం గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. వెంట దాలినాయుడు. పైడిరత్నం ఫోటోకు దణ్ణం పెట్టి, కుర్చీలో కూర్చున్నారు. టీ ఇచ్చాను.

"పంచదార సరిపోయిందా అండీ?"

"ఓకే, ఓకే."

పదకొండో రకం. పంచదార సీసా ఆయన ముందు పెట్టాను.

"మాస్టారూ" అన్నారు ఆయన గొంతు సవరించుకుని. "తమరి దుఃఖము వ్యక్తిగతము. మండల గౌరవము సామూహికము. జిల్లా పరిశీలన దగ్గర పడింది. ఒక్క ఓకే లోటు. నేను శాస్త్రం తిరగేశాను. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఆ ప్రకారం మేడం గారి మౌనమును సగం ఓకేగా పరిగణించవచ్చును."

"చిత్తం."

"మిగతా సగం మాట. ధర్మపత్నిని అర్ధాంగి అన్నారు. అనగా మేడం గారిలో తమరు సగం. కావున తమరి సగం తమరు చెప్పేసినచో..."

"సగం, సగం, ఒకటి" అన్నాడు దాలినాయుడు వేళ్ళు చూపిస్తూ.

ఫోటో వైపు చూశాను. ఈ భిన్నాల లెక్కకు ఆవిడ ఎన్ని మార్కులు వేసి ఉండేదా అని.

"ఆమె ఫోనులో ఆమె మాట నేను రాయలేనండి" అన్నాను.

"మాటా?" త్రిపురాంతకం గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "అది మాటేమిటండీ! ఓకే!"

పాతికేళ్ళుగా ఇంట్లో నేను చేస్తూ వచ్చిన వాదన అదే.

ఆయన లేస్తూ, "మీ బడి మోటారు కూడా ఇందులోనే ఇమిడి ఉన్నది. ఆలోచించండి" అన్నారు.

మర్నాడు బడిలో హేమసుందరి గారు నన్ను పక్కకు పిలిచారు. ఆవిడ పైడిరత్నానికి స్నేహితురాలు. మాట తూచి మాట్లాడే మనిషి కాదు, కాని ఆ రోజు తూచారు.

"మాస్టారూ, మీకు కష్టమని తెలుసు. నేను అడక్కూడదు కూడాను. కాని నిన్న కృష్ణవేణి మళ్ళీ మధ్యాన్నం రాలేదు. కడుపునొప్పట. రోజంతా నీళ్ళు తాగకపోతే నొప్పి రాదేటి? ఇలాగైతే బడి మానిపించేస్తామని వాళ్ళమ్మ అంటోంది."

నేను తల దించుకున్నాను.

"మా రత్నం ఉంటే ఏం చేసేదంటారు?"

"ఓకే అనేసేది" అన్నాను. "ఒక్క క్షణం ఆలోచించేది కాదు. సోమవారం వచ్చాక మళ్ళీ మోటారు గురించి అడిగేది."

అనేశాక, ఆ చివరి వాక్యం నాతోపాటు ఇంటికి వచ్చింది.

నిజమే. మోటారు కాలిపోయిన దగ్గర నుంచి ప్రతి సోమవారం ప్రార్థన గంటకు ముందు పైడిరత్నం గ్రూపులో ఒకటే వాక్యం పెట్టేది: "బోరు మోటారు ఎప్పుడొస్తుంది సార్?" కింద త్రిపురాంతకం గారు ఓకే అనేవారు. వచ్చే సోమవారం మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే జవాబు. "విసుగు రాదా నీకు?" అని అడిగితే, "గోడకి మేకు ఒక్క దెబ్బకి దిగుతుందేటండీ" అనేది.

సోమవారం పొద్దున్న ఆమె ఫోనుకు ఛార్జింగు నిండింది. గ్రూపు తెరిచి, వెనక్కి వెళ్ళి, ఆమె చివరిసారి అడిగిన వాక్యం మీద వేలు నొక్కి పట్టి, దాన్నే మళ్ళీ పంపాను. నా మాట ఒక్కటీ కలపలేదు. చుక్క కూడా పెట్టలేదు.

"బోరు మోటారు ఎప్పుడొస్తుంది సార్?"

జవాబులు కురిశాయి. ఓకే మేడం, మూడు. ఓకే, మూడు. శుభోదయం మేడం, ఓకే, నాలుగు. నాలుగు వేసినవారి నిజాయితీ నాకు నచ్చింది. ఒకరు తామరపువ్వు బొమ్మ పెట్టారు. చనిపోయిన మనిషి అడుగుతున్నదని ఒక్కరికీ తోచలేదు. వాళ్ళ వరసలోనే త్రిపురాంతకం గారూ వచ్చారు.

"ఓకే."

అంకె లేదు.

ముందు దాలినాయుడు ఫోను చేశాడు. కేకలు పెడుతున్నాడు.

"సార్! మేడం గారిది పచ్చగా అయిపోయింది సార్! మండలం నిండిపోయింది!"

"ఆమె ఓకే అనలేదయ్యా. అడిగింది."

"పట్టికకి తేడా లేదు సార్. ఏదో ఒకటి కొడితే చాలు." అతని గొంతు తగ్గింది. "సార్... ఎవరు కొట్టినారు సార్?"

"నేనే."

"అమ్మయ్య."

మధ్యాహ్నానికి త్రిపురాంతకం గారు.

"మాస్టారూ, ఇది ఏ తరహా పద్ధతి?"

"తమరు ఓకే అన్నారండి."

"అలవాటుగా అన్నాను!"

"అంకె వెయ్యలేదండి."

ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది. వారం తిరిగేసరికి ఆయన పేరు ఎర్రబడుతుంది. సంపూర్ణ ఓకే మండలం అధికారికి శాలువా కప్పే రోజున ఆయన పేరు ఒక్కటే పట్టికలో ఎర్రగా మెరుస్తూ ఉంటుంది.

ఆ వారం కార్యాలయం మోటారు కోసం వెతికినంతగా దేనికోసమూ వెతికి ఉండదు. ఇంజినీర్లకు రాశారు, పక్క మండలాన్ని అప్పు అడిగారు. చివరికి సన్మానానికి కుర్చీలు కావాలని దాలినాయుడు సామాన్ల గది తెరిచాడు. విరిగిన కుర్చీల వెనకాల ఒక అట్టపెట్టె ఉంది. పెట్టె మీద మా బడి పేరు ఉంది. లోపల మోటారు ఉంది.

అది మార్చి నెలలోనే వచ్చిందట. వచ్చి తీసుకుపొమ్మని గ్రూపులో మాకు సందేశం కూడా వెళ్ళిందట. నేను నమ్మక వెనక్కి వెళ్ళి చూశాను. ఉంది. గోడల సున్నాల బడ్జెటు, మొక్కల పెంపకం, చేతుల శుభ్రత అయ్యాక, ఏడో పేరాలో ఒక వాక్యం. కింద మండలమంతా ఓకే అంది. హేమసుందరి గారు ఓకే అన్నారు. సందేశం త్రిపురాంతకం గారి పేరుతోనే వెళ్ళింది, అయినా ఆయన కూడా కింద ఓకే అన్నారు. ఆ వారం ఓకే అనని మనిషి పైడిరత్నం ఒక్కతే. ఆసుపత్రిలో ఉంది. చదివి ఉంటే ఆటో తీసుకుని తనే వెళ్ళేది.

నేను ఓకే అనలేదు. సరే అని రాశాను. స్వచ్ఛమైన తెలుగులో.

మోటారు బిగించిన రోజు ముందు ఎర్రనీళ్ళు వచ్చాయి, తర్వాత తెల్లగా వచ్చాయి. ఆడపిల్లలు కుళాయిల దగ్గర మూగి ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. కృష్ణవేణి అన్నం పళ్ళాన్ని కడిగిందే కడిగింది. హేమసుందరి గారు కసరబోయి ఊరుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆడపిల్లల బెంచీలు నిండాయి. కొత్త లెక్కల టీచరు ఇంకా రాలేదు కనుక ఆ గంట నేనే వెళ్ళి కూర్చున్నాను. "సార్, భిన్నాలు చెప్తారా?" అని అడిగింది కృష్ణవేణి. నాకు రావన్నాను. "ఓకే సార్, నేర్పిస్తాం" అంది. ఆ పిల్లను సరిదిద్దలేదు.

సాయంత్రం పైడిరత్నం ఫోనుకు కార్యాలయం నుంచి సందేశం వచ్చింది: "మేడం గారు కోరిన బోరు మోటారు అందినట్లు ధ్రువీకరిస్తూ తమరి ఓకే తెలియజేయగలరు." అడిగినవారు ఓకే అంటే గాని పని ముగిసినట్లు కాదు. ఆ నియమం కూడా నా దస్తూరీయే.

"అందినది" అని రాశాను. ఆమె అలా ఎప్పుడూ అనలేదు. చెరిపాను. "సరే" అని రాశాను. అది నేను. చెరిపాను. పెరట్లో తులసి మొక్క దగ్గర కాసేపు నిలబడి, లోపలికి వచ్చి, "ఓకే" అని రాసి పంపాను. రెండక్షరాలే. ఈసారి గడియ చప్పుడులా లేదు.

మరుక్షణం దాని కింద బూడిదరంగు అక్షరాలతో ఒక వరస వచ్చింది. పైడిరత్నం మేడం గారిని గ్రూపు నుంచి తొలగించారు.

దాలినాయుడికి ఫోను చేశాను.

"జూన్ నోటీసు పెండింగులో ఉంది కదా సార్" అన్నాడు. "పట్టికకైతే ఏది కొట్టినా చాలు గాని, నోటీసుకి ఓకే అన్న మాటే కావాలి సార్. మేడం గారి ఓకే కోసమే కాసుకుని ఉంది. రాగానే మోటారుది, అదీ, రెండూ క్లియరైపోయినాయి. నేను ముట్టుకోలేదు సార్. తల్లి తోడు."

నాకు అతని మీద కోపం రాలేదు. నియమం ప్రకారమే జరిగింది.

మర్నాడు పొద్దున్న వేదికలో సందేశం: "శ్రీమతి పైడిరత్నం గారి పేరు తొలగించబడినది. ఉపాధ్యాయులందరూ గమనించి ఓకే అనగలరు." వరసగా వచ్చాయి. ఓకే, మూడు. ఓకే, మూడు. హేమసుందరి గారిది చాలాసేపటికి వచ్చింది. అంకె వెయ్యబోయి మానేసినట్టున్నారు, పక్కన ఒక చుక్క ఉంది.

మధ్యాహ్నం దాలినాయుడు చేశాడు.

"సార్, అందరివీ వచ్చేసినాయి సార్. ఒక్కటే తక్కువైంది."

"ఎవరిది?"

"తమరిదే సార్."

"చూశాను."

"సరే అని కొట్టినా పర్లేదు సార్. నేను ఓకేలో ఏసేస్తాను."

"తెలుసు, నాయుడూ."

"అధికారి గారి శాలువా ఆగిపోయింది సార్. ఒకటే తిడతన్నారు నన్ను. నేనేటి చెప్పమంటారు సార్?"

కిటికీలోంచి కుళాయిల దగ్గర పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి.

"సోమవారం మళ్ళీ అడుగు" అన్నాను.

"ఓకే సార్" అన్నాడు.

అంకె చెప్పలేదు. అంకె లేని ఓకే ఒకటో రకం. ప్రతి సోమవారం అడుగుతున్నాడు.